డిస్లెక్సియా పిల్లలకు వేరే బడా, మామూలు బడేనా?

వెన్నెల_అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయిన నెలలోనే డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది, అని తేలింది. తెలివికి లోటు లేదు. పాఠం చెవిన పడితే చాలు, పుస్తకం ముందు పెట్టుకుని గడగడా అప్పజెప్పేవాడు. చదువుతున్నాడనే అనుకున్నాం. ఓసారి పేరా మధ్యలో వేలు పెట్టి ఇక్కణ్ణుంచి చదవమంటే నోరు పెగల్లేదు. ఇలాంటి పిల్లల కోసమే నడిపే బడిలో చేర్పిద్దామంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

నల్లబల్ల:
నేను మామూలు బడిలో టీచర్‌ని. వద్దండీ. వీళ్లకు కావాల్సింది పద్ధతి, వేరే భవనం కాదు. మాటలోని శబ్దాలను విడదీసి, ఏ శబ్దానికి ఏ అక్షరమో ఒక వరుసలో చూపిస్తూ, పలికిస్తూ, రాయిస్తూ నేర్పాలి. ఇలా నేర్పే ఆర్టన్-గిల్లింగ్‌హామ్ పద్ధతి 1930ల నుంచీ ఉంది. శిక్షణ ఉన్న టీచర్ రోజూ కాసేపు కూర్చోబెడితే మామూలు బడిలోనే కుదురుతుంది.

గాలిపటం:
ముందు కళ్లు చూపించండి. వీళ్లకు అక్షరాలు తిరగబడి కనిపిస్తాయట. రంగు అద్దాలు పెడితే సరిపోతుంది.

చదువరి:
ఇది కంటి జబ్బు కాదు. శబ్దాలను విడదీసి అక్షరాలతో కలుపుకోవడంలో వచ్చే కష్టం. అక్షరాలు తిప్పి రాయడం డిస్లెక్సియా లేని చిన్నపిల్లల్లోనూ మామూలే.

గాలిపటం:
మా చెల్లెలి కూతురికి అద్దాలతోనే బాగైంది.

చదువరి:
ఆ పాపకు చూపు సమస్య ఉండి ఉంటుంది.

గాలిపటం:
మీరు చూశారా పాపని?

వెన్నెల_అమ్మ:
కళ్లు చూపించామండీ, బాగానే ఉన్నాయి. నల్లబల్ల గారూ, రోజూ కూర్చోబెట్టే టీచర్ మా బడిలో ఏరి? అడిగితే "ఇంట్లో చదివించుకోండి" అన్నారు.

ఒంటరి_బాట:
నేను అలాంటి బడిలోనే చదివాను. చదవడం అక్కడే వచ్చింది. తప్పు చదివితే నవ్వేవాళ్లు లేరు. మామూలు బడికి తిరిగొచ్చాక మాత్రం స్నేహితులు లేరు, పరీక్షలో టైమ్ చాలేది కాదు. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతాను.

నల్లబల్ల:
చూశారా! నేను చెప్పేది ఇదే. తిరిగి రావడమే కష్టం.

ఒంటరి_బాట:
చదవడం అక్కడే వచ్చిందని కూడా రాశానండీ.

నల్లబల్ల:
స్నేహితులు లేరని కూడా రాశారు.

చదువరి:
1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే బ్రిటిష్ డాక్టర్ చదవలేని ఓ పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి రాశారు. చదువంతా నోటిమాటగా చెబితే బడి మొత్తంలో వీడే చురుకైనవాడని వాడి మాస్టారే అన్నారట. అంటే నూరేళ్లకు పైగా తెలిసిన సంగతే ఇది.

వెన్నెల_అమ్మ:
మరి ఇంకెన్నాళ్లు ఆగాలి? నల్లబల్ల గారూ, మీకు నా కొడుకు ముఖ్యమా, మీ వాదన ముఖ్యమా? వాణ్ణి అడ్డం పెట్టుకుని బళ్లను బాగు చేస్తారా?

నల్లబల్ల:
అంత మాట అనకండి. నా క్లాసులో ఇలాంటి పిల్లలు ముగ్గురున్నారు. వాళ్ల అమ్మానాన్నలకు డిస్లెక్సియా అన్న పేరే తెలియదు, బద్ధకం అని కొడతారు. శిక్షణ ఉన్న టీచర్‌ని పెట్టమని ప్రతి మీటింగ్‌లో అడుగుతున్నాను. తల్లిదండ్రులెవరూ అడగడం లేదుగా అంటారు. అడగగలిగిన వాళ్లంతా పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతే ఆ ముగ్గురి గురించి అడిగేదెవరు? నా కోపం మీ మీద కాదు.

వెన్నెల_అమ్మ:
మీ ముగ్గురి కోసం మీరు పడే బాధ నాకు అర్థమైంది. కానీ మావాడికి ఇక నుంచి సైన్స్, సోషల్ అన్నీ చదివి నేర్చుకోవాల్సినవే. బడి మారేదాకా ఆగితే అవీ పోతాయి. నేను ఆగలేను. రెండేళ్లలో వెనక్కి తెచ్చే ప్రయత్నం చేస్తాను.

చదువరి:
చేర్చే ముందు అక్కడి టీచర్ల శిక్షణ ఏమిటో, మామూలు బడికి తిరిగి వెళ్లిన పిల్లలు ఎలా ఉన్నారో అడగండి. రెండో దానికి జవాబు రాకపోతే చేర్చకండి.

నల్లబల్ల:
ఆగమని ఇక అననండీ. ఒక్కటే అడుగుతాను. పాత బడి మాన్పించే రోజు, చదవడం నేర్పే టీచర్ లేకే తీసుకెళ్తున్నామని కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. మా బడికి అలాంటి ఉత్తరం ఒక్కటి వచ్చినా మీటింగ్‌లో నా మాటకు బలం ఉండేది.

వెన్నెల_అమ్మ:
తప్పకుండా రాస్తాను.