1989 హంగరీ: కాదార్ అంత్యక్రియలకు వచ్చిన జనం దేనికి సాక్ష్యం?

డాన్యూబ్: 1989 జూన్ 16న బుడాపెస్టు వీరుల కూడలిలో ఆరు శవపేటికలు ఉంచారు. ఐదు 1956 తిరుగుబాటు నాటి ప్రధాని ఇమ్రే నాగీవి, ఆయనతోపాటు బలైన నలుగురివి. ఆరోది ఖాళీ పేటిక, సోవియట్ పెత్తనంపై జరిగిన ఆ తిరుగుబాటులో చనిపోయిన అనామకుల పేరిట పెట్టింది. మూడు వారాలకు, జులై 6న, సుప్రీంకోర్టు నాగీని నిర్దోషిగా ప్రకటించింది. ఆయనను ఉరికి పంపి, 1988 దాకా దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు నేత యానోష్ కాదార్ చనిపోయిందీ ఆ రోజే. కాదార్‌ను సాగనంపడానికీ వేలమంది వచ్చారు కాబట్టి జనం క్షమించారని కొందరు వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను.

మెట్టపొలం: శిక్ష వేసింది కోర్టు. 1963లో తిరుగుబాటు ఖైదీలకు క్షమాభిక్ష పెట్టింది కాదార్. అది కూడా రాయండి.

డాన్యూబ్: కోర్టును అడ్డం పెట్టకండి. 1956 నవంబరులో యుగోస్లావియా రాయబార కార్యాలయంలో తలదాచుకున్న నాగీకి ఏ హానీ జరగదని కాదార్ రాసిచ్చారు. నమ్మి బస్సెక్కితే సోవియట్ సైనికులు పట్టుకుపోయారు. 1958లో ఉరితీశారు. చివరికి తారుకాగితంలో చుట్టి, తీగతో కట్టి, శ్మశానంలో ఒక మూల బోర్లా పూడ్చారు.

మెట్టపొలం: పట్టుకుపోయింది సోవియట్ సైనికులని మీరే రాశారు.

వెన్నెల: ఆ హామీ పత్రం దగ్గరే ఆగిపోయారు ఇద్దరూ. ప్రశ్న 1989 జనం గురించి.

మెట్టపొలం: సరే, జనం గురించే. పోలండ్‌లో మాంసానికి బారులు తీరిన రోజుల్లో కాదార్ పాలనలోని హంగరీ దుకాణాల్లో సరుకు ఉండేది. 1989లో ధరలు పెరుగుతున్నాయి, రేపటి మీద భయం పట్టుకుంది. ఆ నిశ్చింతను తలచుకునే వచ్చారు. మా ఇంట్లో నెలాఖరుకు బియ్యం నిండుకునేవి. ఓటుహక్కు ఉండి కూడా మా అమ్మ పస్తులుంది. మీకు ఆకలి తెలియదు!

డాన్యూబ్: తెలియదని మీరెలా అంటారు? సంఘం పెట్టినందుకు మా నాన్నను ఉద్యోగం నుంచి తీసేశారు. ‘జీతం పెంచారు కదా, నోరు మూసుకోవలసింది’ అన్నది మా బంధువులే. మీ మాటల్లో నాకు వాళ్లే వినిపిస్తున్నారు.

నిదానం: జూన్‌లో వచ్చినవాళ్లలో కొందరు జులైలోనూ వచ్చి ఉండవచ్చు కదా?

మెట్టపొలం: వచ్చి ఉంటారు. అన్నం పెట్టిన చేతిని మరచిపోవడం మనుషులకు చేతకాదు. నాకూ చేతకాదు.

డాన్యూబ్: మరచిపొమ్మని నేను అనలేదు. 31 ఏళ్లు ఆ కుటుంబాలకు సమాధి చూపించలేదు. ఆ లెక్కను అన్నంతో కొట్టివేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.