అమ్మను చూసుకుంటున్న తమ్ముడికి ఇల్లు ఇప్పుడే రాసివ్వాలా?

గుంటూరు–డాలస్:
అమ్మకు 78. నాన్న లేరు. గుంటూరులో ఇల్లు అమ్మ పేరునే ఉంది. తాతయ్య పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అమ్మి కట్టుకున్న ఇల్లది. తమ్ముడు, మరదలు అమ్మతోనే ఉంటున్నారు. నిరుడు తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి అమ్మ మంచం దిగాలన్నా ఒకరు పట్టుకోవాలి. ఇప్పుడు తమ్ముడు ఇల్లు తన పేర గిఫ్ట్ రిజిస్ట్రేషన్ చేయించమంటున్నాడు. విజయవాడలో ఉన్న అక్కేమో వీలునామా చాలంటోంది. అమ్మ మీరు ఎలా అంటే అలాగే అంటోంది. నేనేం చెప్పాలో తేల్చుకోలేకపోతున్నాను.

నల్గొండ మాస్టారు:
రాసివ్వొద్దు బాబూ. మా వీధిలో ఒక పెద్దాయన కొడుక్కి ఇల్లు రాసిచ్చారు. ముందు కరెంటు మీటరు పేరు మారింది, తర్వాత ఇంటి పన్ను రసీదు, ఆ తర్వాత ఆయన మంచం నడి గదిలోంచి వెనక రేకుల షెడ్డుకు మారింది. కొడుకు దుర్మార్గుడేమీ కాదు. అడిగే అవసరం లేకపోయింది, అంతే. వీలునామా అయితే అమ్మగారు బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఆ పట్టు ఆవిడ చేతిలో ఉండాలి.

పిడుగురాళ్ల కోడలు:
మాస్టారూ, మీరన్న ఆ పట్టే మా మెడకు ఉరి. మా అత్తయ్యగారు పక్షవాతంతో పడుకున్నారు. రాత్రి రెండింటికి లేచి పక్కకు తిప్పకపోతే వీపు మీద పుండు పడుతుంది. ఒకసారి పడితే మానడానికి నెలలు పట్టింది. ప్రైవేటు స్కూల్లో చేసే ఉద్యోగం మానేశాను. డైపర్లు, వాటర్ బెడ్డు, ఫిజియోథెరపీ, అన్నీ మా మీదే. రేపు పెద్దమ్మాయి వచ్చి నాలుగు రోజులు పక్కన కూర్చుంటే వీలునామా మారదని ఏమిటి నమ్మకం? చేసినవాళ్లకు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మీ తమ్ముడు అడిగింది తప్పు కాదండీ.

నరసరావుపేట సివిల్ ప్రాక్టీస్:
ఇద్దరి మాటలోనూ పస ఉంది, కానీ గిఫ్టా వీలునామానా అన్న దగ్గరే ఆగిపోతున్నారు. దస్తావేజులో ఏం రాస్తారన్నదే అసలు విషయం.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. 60 దాటినవాళ్లు తమను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిస్తే, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టే లెక్క. ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు. అయితే 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్టు చూపించలేకపోతే ఈ సెక్షన్ పనికిరాదంది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం ఇది పెద్దల మేలు కోసం వచ్చిన చట్టం, ఉదారంగా చదవాలంటూ ఆస్తిని తల్లికి తిరిగి ఇప్పించింది. అక్కడ ఆమెను కాపాడింది కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రం. కాగితమే లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర దస్తావేజు లేఖరులు పాత నమూనాలో 'ప్రేమాభిమానాలతో' అని రాసి వదిలేస్తారు. ఆ ఒక్క ముక్కను నమ్ముకోకండి. తిండి, వైద్యం, మనిషి సాయం ఇవ్వాలని విడమరిచి రాయించండి. ఇంకా మంచిది సెటిల్‌మెంట్ దస్తావేజు. జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, అద్దె వస్తే తీసుకునే హక్కు అమ్మగారికి ఉంచి, ఆవిడ తర్వాత పూర్తి హక్కు తమ్ముడికని రాయొచ్చు. మీ మరదలికి భరోసా, అమ్మగారికి నీడ.

ఇల్లు ఆవిడ సొంతం కాబట్టి ఈ స్వేచ్ఛ ఉంది. అదే నాన్నగారి పేర ఉండి, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, భార్యకూ పిల్లలకూ సమాన వాటాలు. అప్పుడు ఆవిడ తన వాటా వరకే రాయగలరు.

నల్గొండ మాస్టారు:
చట్టం ఉంది, సరే. మంచం దిగలేని మనిషి ఆర్డీవో ఆఫీసుకెలా పోతుంది? కొడుకు మీద ఫిర్యాదు ఇవ్వడానికి ఏ తల్లికి చేయి వస్తుంది?

నరసరావుపేట సివిల్ ప్రాక్టీస్:
ఆవిడే వెళ్లక్కర్లేదు మాస్టారూ. పోషణ కోసమైతే ఆవిడ అనుమతితో వేరొకరు అర్జీ పెట్టొచ్చు, ట్రిబ్యునల్ తనంతట తాను కూడా తీసుకోవచ్చు. పెద్దల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అర్జీ ఇచ్చి మర్నాడే వచ్చి వెనక్కి తీసుకున్న తల్లుల్ని చూశాను.

మియాపూర్ అక్క:
అందరూ ఇల్లు ఎవరికి పోతుందో మాట్లాడుతున్నారు. ఈ నెల ఖర్చు ఎవరిస్తున్నారు? మా నాన్నకు రోజంతా ఉండే మనిషికి ఏజెన్సీకి నెలకు 26 వేలు కడుతున్నాం, మందులు వేరే. ఆ చట్టం కింద ట్రిబ్యునల్ ఇప్పించే భరణం నెలకు 10 వేలు మించదు, దాంతో ఏమవుతుంది? 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా ఉందంటారు, అది ఆసుపత్రిలో చేరితేనే. ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి రూపాయి రాదు.

ఇల్లు పెద్దల పేరునే ఉంటే బ్యాంకులో రివర్స్ మార్టుగేజీ పెట్టి నెలనెలా డబ్బు తీసుకోవచ్చు, అందులోనే ఉండొచ్చు. తర్వాత పిల్లలు బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. రాసిచ్చేశాక ఆ దారి మూసుకుపోతుంది. అన్నయ్యా, మీరు డాలస్ నుంచి అమ్మ ఖర్చుకు పంపేది ఒకటి, మీ మరదలు చేసే చాకిరీకి ఇచ్చేది ఇంకొకటి. రెండోది ఎప్పుడైనా పంపారా?

గుంటూరు–డాలస్:
లేదండీ. మందులకు, ఆపరేషన్‌కు పంపాను. మరదలికంటూ విడిగా ఆలోచించలేదు. తమ్ముడితో సెటిల్‌మెంట్ దస్తావేజు సంగతి చెప్తే, "షరతులు రాస్తే నన్ను నమ్మనట్టే కదా అన్నయ్యా" అని బాధపడ్డాడు.

పిడుగురాళ్ల కోడలు:
బాధగానే ఉంటుంది. నన్నడిగితే నేను సంతకం పెడతాను. చేసేదే కదా రాస్తున్నది. కానీ షరతులన్నీ తమ్ముడికేనా? మీరూ అక్కా నెలకెంత ఇస్తారో, ఏడాదిలో ఎన్ని వారాలు వచ్చి అమ్మ దగ్గరుండి వాళ్లను ఊపిరి పీల్చుకోనిస్తారో అదీ కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ముందు మీ కాగితం తమ్ముడి చేతికివ్వండి, తర్వాత అతని కాగితం అడగండి.

నల్గొండ మాస్టారు:
ఈ అమ్మాయి చెప్పిన దానికి నేనూ ఒప్పుకుంటాను. రాసివ్వొద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఇంకొకటి. దస్తావేజు ఏదైనా సంతకానికి ముందు అమ్మగారికి గట్టిగా చదివి వినిపించండి, పిల్లలెవరూ ఆ గదిలో లేకుండా. 'మీరు ఎలా అంటే అలాగే' అన్న మాట అప్పుడు కూడా ఆవిడ అంటారో లేదో తెలుసుకోండి.