పొట్టి కాళ్లకు జంపింగ్ జీను: ఏం చూసి కొనాలి?

బెజవాడ రైడర్

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. రెండేళ్ల నుంచి గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాను, ఆరు నెలలుగా జంపింగ్ కూడా, ఇప్పుడు 60–70 సెంటీమీటర్ల ఎత్తు అడ్డాలు దూకించే దాకా వచ్చాను. ఎత్తు 5 అడుగులు, అందులోనూ కాళ్లు పొట్టి, ఏ ప్యాంటు కొన్నా కింద కత్తిరించాల్సిందే. నేర్చుకునేచోట ఇచ్చే జీను 17.5 అంగుళాల సీటు, దాని ఫ్లాప్ (కాలి కింద పక్కకి వేలాడే తోలు రెక్క) నా పిక్క సగం దాటి కిందికి వేలాడుతుంది. గుర్రం పైకి లేచేటప్పుడు బాగానే ఉంటాను కానీ నేల మీద దిగగానే కాళ్లు ముందుకు జారిపోయి, వెనక్కి కూలబడి, పడిపోతానన్న భయంతో కళ్లెం లాగేస్తున్నాను. దాని నోరు ఎంత నొప్పెడుతుందో అని ఇంటికొచ్చాక కూడా అదే టెన్షన్. సొంత జీను కొందామని డబ్బు కూడబెట్టాను. 16 అంగుళాలది తీసుకోమని ఒకరు, పిల్లల పోనీ జీను చాలని ఇంకొకరు. ఒకసారి తప్పు కొంటే మళ్లీ కొనే స్తోమత లేదు. పొట్టి కాళ్లవాళ్లు మీరేం చూసుకుని కొన్నారో చెప్పండి.

గుంటూరు సవారీ

సీటు సైజు పట్టుకుని వేలాడకండి. నేనూ 5 అడుగుల 1 అంగుళమే, మొదట అదే పొరపాటు చేశాను. ముందు మీ కాలులో పొట్టిగా ఉన్నది తొడా, మోకాలి కింది భాగమా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే రెండింటికీ చూడాల్సినవి వేరు. కుర్చీలో వీపు, నడుము గోడకు ఆనేలా కూర్చుని, మోకాలి కింది భాగం నిలువుగా ఉండేలా కాలు వంచి, గోడ నుంచి మోకాలి చిప్ప దాకా టేపు పెట్టించుకోండి. తర్వాత మోకాలి వెనక మడత నుంచి నేల దాకా.

జంపింగ్ జీనుకి ఫ్లాప్ ముందుకు కోసి ఉండేదే రికాబులు (పాదాలు పెట్టే కడియాలు) పొట్టిగా పెట్టుకున్నప్పుడు మోకాలు ముందుకొస్తుంది కాబట్టి. తొడ పొట్టి అయితే అంత ముందుకు రాదు. అప్పుడు నీ రోల్ (knee roll, ఫ్లాప్ ముందు భాగంలో మోకాలికి ఆనే మెత్త) ఎక్కడో ముందుంటుంది, మోకాలికి ఆనిక దొరకదు. రికాబు తోళ్లు తగిలించే కమ్మీ కూడా మీకు మరీ ముందుకుంటే పాదం దాని వెంటే పోతుంది. మీరు చెప్పిన లక్షణం నాకు అచ్చం ఇదే అనిపిస్తోంది. మడమ ఎంత కిందికి తొక్కినా జీను మిమ్మల్ని కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు ముందుకు పెట్టి కూర్చోబెడుతూనే ఉంటుంది.

ఇక పొడవు సంగతి. ఫ్లాప్ అంచు బూటు పై అంచుని దాటి కొద్దిగా కిందికి రావాలి, అంతే. పైనే ఆగిపోతే బూటు అంచు దాని కింద ఇరుక్కుంటుంది, మరీ కిందికొస్తే పిక్క తోలుకి తగులుతుంది తప్ప గుర్రం డొక్కకి తగలదు. నా పాత జీను ఒకరోజు తుడుస్తూ చూస్తే ఫ్లాప్ కింద నాలుగు వేళ్ల మేర తోలు కొత్తదానిలా మెరుస్తోంది, దానికి పైన నల్లటి బూటు పాలిష్ మరక. అంటే ఏడాది పాటు నా పిక్క గుర్రాన్ని తాకనేలేదు, నేనేమో గుర్రం మొండిదని మడమలతో పొడుస్తూ వచ్చాను. ఆ రోజు చాలా బాధేసింది. మీ జీను మీద ఆ మరక ఎక్కడుందో చూడండి.

పాత రౌతు

అమ్మాయ్, ఆ పోనీ జీను మాట మాత్రం వినకు. ఫ్లాప్ పొట్టిదే, నిజమే, కానీ లోపలి చట్రం పోనీ వీపుకి చేసింది, పెద్ద గుర్రం మీద వేస్తే మూపు నొక్కేస్తుంది. పెద్దవాళ్ల జీనులోనే పొట్టి ఫ్లాప్ అడుగు. కాన్పూర్‌లో జీనులు చేసి విదేశాలకు పంపేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫ్లాప్ పొడవు, ముందుకు కోత రెండూ కొలతలిచ్చి చేయించుకోవచ్చు.

ముందు గుర్రం వీపు, తర్వాతే నీ కాళ్లు. కింద గుడ్డ లేకుండా జీను వేసి, జబ్బ ఎముకకు వెనగ్గా ఉందా, చివరి పక్కటెముక దాటి పోలేదుగదా చూడు. నువ్వు ఎక్కి కూర్చున్నాక కూడా మూపుకీ జీనుకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. పాతది కొంటుంటే ముందు కొమ్ము ఒక చేత్తో, వెనక ఎత్తు ఇంకో చేత్తో పట్టి దగ్గరికి నొక్కు. సీటు కాస్త స్ప్రింగులా ఆడితే పరవాలేదు, ముందు భాగం కదిలినా కిర్రుమన్నా చట్రం విరిగినట్టే, ఎంత చవగ్గా ఇచ్చినా వదిలెయ్.

లంక గాలి

రికాబు తోళ్లు కూడా పొట్టివి కొనండి, 48 అంగుళాలవి దొరుకుతాయి. పొడవువి చుట్టి చుట్టి వేసుకుంటే కాలి కింద గుబ్బలా తగులుతుంది. అదనపు చిల్లులు కావాలంటే చెప్పులు కుట్టే ఆయన దగ్గర వేయించుకోవచ్చు, రెండు వైపులా ఒకే దూరంలో ఉండేలా పక్కన నిలబడి చూసుకోండి. ఎక్కేది ఎడమ వైపు కాబట్టి ఆ తోలు ముందు సాగుతుంది, అప్పుడప్పుడు అటుదిటు మార్చండి. మన దగ్గర వానాకాలం ఉక్కకి తోలుకి బూజు పడుతుంది, అలాగని తీసుకెళ్లి ఎండలో పెట్టారో పగుళ్లొస్తాయి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి.

బెజవాడ రైడర్

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం కొలిపించుకున్నాను. తొడ 18.5 అంగుళాలు, మోకాలి కింద 14.5, రెండూ పొట్టే! ఇవాళ పొద్దున ఆగి ఉన్న గుర్రం మీద చేతులు ఎక్కడా ఆనించకుండా, రికాబుల మీద జంపింగ్ పొజిషన్‌లో లేచి చూశాను, మూడు లెక్కపెట్టేలోపే వెనక్కి పడిపోయాను. మోకాలికీ నీ రోల్‌కీ మధ్య మూడు వేళ్లు దూరాయి. పాలిష్ మరక కూడా సవారీ గారు చెప్పినట్టే ఫ్లాప్ మధ్యలోనే ఉంది. మా దగ్గర ఒకావిడకి 16.5 అంగుళాల పొట్టి ఫ్లాప్ జీను ఉంది, ఆదివారం అదే గుర్రం మీద వేసి చూడమన్నారు. వెనక ఎత్తుకీ నాకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలో ఎవరైనా చెబుతారా?

గుంటూరు సవారీ

నాలుగు వేళ్లు అడ్డంగా పట్టాలి. అంతకన్నా తక్కువైతే దూకేటప్పుడు వెనక్కి జరగడానికి చోటుండదు. ఎవరితోనైనా పక్క నుంచి వీడియో తీయించండి, దిగే క్షణంలో రికాబు తోలు నిలువుగా ఉందా, ముందుకు వాలిందా చూస్తే తెలిసిపోతుంది. ఆదివారం ఏమైందో తప్పకుండా రాయండి.