ఎలాస్టిక్‌సెర్చ్ సెట్టింగులు: కమాండ్ లైన్‌లోనా, ఫైల్లోనా?

కొత్తనోడు
ఎలాస్టిక్‌సెర్చ్ (డేటాలో వెతికిపెట్టే సర్వర్) 8వ వెర్షన్, మూడు మెషీన్లు (నోడ్లు) కలిపి ఒకే క్లస్టర్‌గా నడపాలి, ప్యాకేజీ ఇన్‌స్టాల్. మూడింటికీ ఒకే సెట్టింగుల ఫైలు (ఎలాస్టిక్‌సెర్చ్.వైఎంఎల్) ఉంచి, తేడా ఉన్నవి (నోడ్.నేమ్, నెట్‌వర్క్.హోస్ట్) మాత్రం స్టార్ట్ చేసేటప్పుడు కమాండ్ లైన్‌లో -ఈ ఆప్షన్‌తో ఇద్దామని ప్లాన్. లోకల్‌హోస్ట్ మీద విడివిడిగా మూడూ లేచాయి. నెట్‌వర్క్.హోస్ట్‌కి అసలు ఐపీ ఇవ్వగానే ఆగిపోతున్నాయి. -ఈ వాడటమే తప్పా?

లాగుచూడు
-ఈ కీ దీనికీ సంబంధం లేదు. ఐపీ లూప్‌బ్యాక్ (లోకల్‌హోస్ట్) కాకపోతే ఇది ప్రొడక్షన్ అనుకుని బూట్‌స్ట్రాప్ చెక్స్ (లేచేటప్పటి తనిఖీలు) నడుపుతుంది, ఒక్కటి తప్పినా లేవదు. ఎక్కువమందికి తగిలేది వీఎం.మ్యాక్స్_మ్యాప్_కౌంట్ (ఒక ప్రాసెస్‌కి ఎన్ని మెమరీ మ్యాపులో చెప్పే లినక్స్ లిమిట్). కనీసం 262144 ఉండాలి, లినక్స్ కర్నెల్ డిఫాల్ట్ 65530. సిస్‌సీటీఎల్ కమాండ్‌తో పెంచి, దాని కాన్ఫిగ్ ఫైల్లో కూడా రాయండి, లేకపోతే రీబూట్‌తో మళ్ళీ మొదటికొస్తుంది. ఓపెన్ ఫైళ్ళ లిమిట్ 65535. ఏ చెక్ తప్పిందో లాగులో పేరుతో సహా ఉంటుంది.

యామల్‌దాసు
కారణం అదే. కానీ అడిగారు కాబట్టి చెబుతున్నా, ఫైల్లోనే రాయండి. ఒకే సెట్టింగ్ రెండు చోట్లా ఉంటే -ఈ దే గెలుపు. ఆర్నెల్ల తర్వాత ఎవరో ఫైల్లో హెచ్‌టీటీపీ.పోర్ట్ మార్చి రీస్టార్ట్ చేస్తారు, అయినా 9200 మీదే లేస్తుంది. సర్వీసుని స్టార్ట్ చేసే యూనిట్ ఫైల్లో ఏ మూలో ఒక -ఈ కూర్చుని ఉందని ఎవరికి గుర్తుంటుంది? పైగా కమాండ్ లైన్‌లో ఇచ్చిందంతా పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా) కొడితే మెషీన్ మీదున్న ప్రతి యూజర్‌కీ కనిపిస్తుంది.

షెల్‌బుర్ర
కనిపించడమే కదండీ కావాల్సింది! ఫైలు మార్చి రీస్టార్ట్ చేయడం మర్చిపోతే నడిచేది ఒకటి, ఫైల్లో ఉన్నది ఇంకొకటి. పీఎస్ అబద్ధం చెప్పదు. ఒకే సెట్టింగ్‌ని -ఈ తో రెండుసార్లు ఇచ్చినా, విలువ ఖాళీగా వదిలినా స్టార్ట్ కాకుండా అక్కడే ఆపేస్తుంది.

ఇంకొకటి. క్లస్టర్.ఇనీషియల్_మాస్టర్_నోడ్స్ (మొదటి మాస్టర్‌ని ఎన్నుకునే నోడ్ల జాబితా) క్లస్టర్ మొట్టమొదటిసారి ఏర్పడేటప్పుడే కావాలి, తర్వాత తీసేయాలి. ఫైల్లో రాస్తే తీసేవాడుండడు. ఎప్పుడో డేటా ఫోల్డర్ పోయి ఆ నోడ్ మళ్ళీ లేస్తే, పాతదాన్ని వెతక్కుండా సొంత క్లస్టర్ పెట్టుకునే ప్రమాదం ఉంది. ఒక్కసారి వాడేదాన్ని ఒక్కసారి ఉండేచోటే ఇవ్వాలి.

యామల్‌దాసు
డూప్లికేట్ ఉంటే ఫైలూ ఒప్పుకోదు, అది -ఈ గొప్ప కాదు. పీఎస్ సంగతి దాటేశారు. పాస్‌వర్డ్ ఇస్తే?

షెల్‌బుర్ర
పాస్‌వర్డ్ అని నేనన్నానా? దాని చోటు కీస్టోర్ (రహస్య సెట్టింగులకి వేరే ఫైలు). -ఈ లోనూ వద్దు, మీ ఫైల్లోనూ వద్దు.

యామల్‌దాసు
మీరనలేదు, చదివినవాళ్ళు ఇస్తారు. సరే, మీ -ఈ శాశ్వతంగా ఎక్కడుంటుంది? సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) ఓవర్‌రైడ్‌లో. ముందు ఖాళీ ఎగ్జెక్‌స్టార్ట్ (స్టార్ట్ కమాండ్) లైన్ రాసి, తర్వాత మీ లైన్ రాయాలి. ఆ ఖాళీ లైన్ మరిస్తే రెండు ఎగ్జెక్‌స్టార్ట్‌లున్నాయని యూనిట్‌నే తిరస్కరిస్తుంది. డిస్క్ వాటర్‌మార్క్ (డిస్క్ ఎంత నిండొచ్చో హద్దు) 85% అని ఇవ్వాలంటే % గుర్తు రెండుసార్లు కొట్టాలి, లేకపోతే దాన్ని స్పెసిఫయర్ (వేరే విలువ పెట్టాల్సిన గుర్తు) అనుకుంటుంది. రేపు ప్యాకేజీ అప్‌గ్రేడ్‌లో వాళ్ళ లైన్ మారినా మీ దగ్గర పాతదే ఉంటుంది. ఇంత తంటా దేనికి?

మూడోకన్ను
-డీ (బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపే ఆప్షన్) కూడా పెట్టకండి అందులో. ఆ యూనిట్ నోటిఫై టైపు (లేచానని సర్వీసే చెప్పాలి), ముందే బ్యాక్‌గ్రౌండ్‌కి వెళ్ళిపోతే సిస్టమ్‌డీకి లెక్క తప్పుతుంది.

షెల్‌బుర్ర
దాసు గారూ, మీరు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. హీప్ సైజు (జావా మెమరీ) థ్రెడ్‌లోనూ ఇంతే, నేను రాసిన ప్రతి లైన్ కిందా ఫైలు, ఫైలు, ఫైలు. అడిగినాయన నోడ్ లేవక ఏడుస్తుంటే మీకు ఆర్నెల్ల తర్వాత పోర్టు గోల!

యామల్‌దాసు
ఆ థ్రెడ్‌లో తమరి సలహా ఈఎస్_జావా_ఆప్ట్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. అదీ కంటికి కనబడని చోటే. జావా ఆప్షన్ల ఫైళ్ళకి జేవీఎం.ఆప్షన్స్.డీ ఫోల్డర్ ఉన్నదెందుకో?

లాగుచూడు
ఇద్దరూ పీఎస్ కోసం కొట్టుకుంటున్నారు, అక్కడ మీరనుకున్నది లేదు. 8 సిరీస్‌లోని ఈమధ్యటి వెర్షన్లలో ముందు ఒక చిన్న లాంచర్ లేచి, అసలు సర్వర్‌ని వేరే ప్రాసెస్‌గా పుట్టించి, -ఈ విలువల్ని స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారా అందిస్తుంది. అసలు ప్రాసెస్ లైన్‌లో కనిపించేవి జేవీఎం ఆప్షన్లే. -ఈ లు లాంచర్ లైన్‌లో ఉంటాయి. -డీ ఇస్తే ఆ లాంచర్ కూడా వెళ్ళిపోతుంది. ఏది అమల్లో ఉందో తెలియాలంటే _నోడ్స్/సెట్టింగ్స్ ఏపీఐని అడగండి. అదీ నోడ్ స్టార్ట్ అయినప్పటి విలువలే. తర్వాత ఏపీఐతో మార్చినవి _క్లస్టర్/సెట్టింగ్స్‌లో ఉంటాయి, డైనమిక్ సెట్టింగుల విషయంలో అవి -ఈ నీ ఫైలునీ కూడా తోసేస్తాయి.

యామల్‌దాసు
సరే, పీఎస్ వదిలేశా. నా గొడవ -ఈ మీద కాదు అసలు. ఫైలు గిట్‌లో ఉంటుంది, మార్చాలంటే ఇంకొకరు చూడాలి. కమాండ్ లైన్ అంటే ఒక్కడు లాగిన్ అయి తనకు తోచింది చేసి వెళ్ళిపోవడం. చెప్పాపెట్టకుండా.

షెల్‌బుర్ర
ఇప్పుడొచ్చారు దారికి. అంటే నమ్మకం లేనిది మనిషి మీద, మీట మీద కాదు. అర్ధరాత్రి ఒక నోడ్ లేవనంటోంది. సర్వీసు ఆపి, ఎలాస్టిక్‌సెర్చ్ యూజర్‌తో (రూట్‌గా ఎలాగూ లేవదు) ఫోర్‌గ్రౌండ్‌లో -ఈ లాగర్.లెవెల్=డీబగ్ పెట్టి చూస్తే రెండు నిమిషాల పని. దానికీ ఇంకొకరి సంతకం కావాలా?

యామల్‌దాసు
చూడటానికి అక్కర్లేదు. చూసింది అలాగే వదిలేసి పడుకోవడానికి కావాలి.

మూడోకన్ను
సర్వీసు ఆపడం మరిస్తే డేటా ఫోల్డర్ మీద నోడ్ లాక్ దొరకలేదని చస్తుంది, అదొకటి గుర్తుపెట్టుకోండి.

కొత్తనోడు
మ్యాప్ కౌంట్ పెంచాక మూడూ లేచాయి, థాంక్స్. కానీ కలవలేదు, ఎవరికి వారే మాస్టర్ (క్లస్టర్‌ని నడిపే నోడ్). సీడ్ హోస్ట్స్ (మిగతా నోడ్ల అడ్రసులు) -ఈ తో ఇచ్చి చూశా, ఫైల్లో రాసి చూశా. వేరే యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఉన్న క్లస్టర్‌లో ఇదివరకే చేరిందని లాగులో వస్తోంది.

లాగుచూడు
లోకల్‌హోస్ట్ మీద విడివిడిగా లేపారు కదా, అప్పుడే మూడు క్లస్టర్లు పుట్టాయి. 8లో ప్యాకేజీ ఇన్‌స్టాలరే ఇనీషియల్_మాస్టర్_నోడ్స్‌లో ఆ మెషీన్ పేరు ఫైల్లో రాసిపెడుతుంది. యూయూఐడీ డేటా ఫోల్డర్‌లో ఉంటుంది కాబట్టి ఇప్పుడు సెట్టింగ్ ఎక్కడ మార్చినా కలవవు. మూడింటికీ సర్టిఫికెట్లూ వేరువేరే. డేటా ఏమీ లేకపోతే 2, 3 నోడ్లలో ప్యాకేజీని డేటా, కాన్ఫిగ్ ఫోల్డర్లతో సహా తీసేసి మళ్ళీ వేయండి, స్టార్ట్ మాత్రం చేయకండి. మొదటి నోడ్ మీద నోడ్ ఎన్‌రోల్‌మెంట్ టోకెన్ తీసుకుని (30 నిమిషాలే పనిచేస్తుంది), మిగతా రెండింట్లో రీకాన్ఫిగర్-నోడ్ కమాండ్‌కి ఇచ్చి, అప్పుడు లేపండి. నోడ్ల మధ్య 9300 పోర్టు తెరిచి ఉండాలి.

షెల్‌బుర్ర
ఫైల్లో ఎవరూ చూడకుండా రాసింది ఇన్‌స్టాలరన్నమాట. దాని రివ్యూ ఎవరు చేశారు దాసు గారూ?

యామల్‌దాసు
కలిశాక మొదటి నోడ్ ఫైల్లోంచి ఆ ఇనీషియల్_మాస్టర్_నోడ్స్ లైన్ తీసేయండి. నోడ్.నేమ్ ఫైల్లో రాసుకోండి.

షెల్‌బుర్ర
ముందు కలవనివ్వండి సార్.