అప్‌డేట్: "సంఘటనల శృంఖల" అనవచ్చా?

మా ఊరి చెరువు ఎండిన కథలో "సంఘటనల శృంఖల" అని రాశాను. అది సరైన మాటేనా, "పరంపర" అనాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

శృంఖల అంటే గొలుసే, తప్పేం లేదు. కానీ తెలుగులో ఆ మాట వినగానే సంకెళ్లే గుర్తొస్తాయి. దాస్య శృంఖలాలు అంటాం, కట్టు తెగితే విశృంఖలం అంటాం. అమ్మకు చదివి వినిపిస్తే "ఎవర్నైనా జైల్లో పెట్టారా?" అని అడిగింది.

పరంపర అంటే ఒకదాని వెనుక ఒకటి, గురు పరంపరలా. నా కథకు అది చాలదు. పూడిక తీయలేదు, అందుకే నీళ్లు నిలవలేదు, అందుకే బోర్లు వేశారు, అందుకే బావులు ఎండాయి. ముందుది తర్వాతదానికి కారణమవుతూ పోతే అలంకారశాస్త్రంలో కారణమాల అంటారట. ఎంత చక్కని పేరో! కానీ కథలో ఇమడలేదు.

చివరికి మాట చెరువు దగ్గరే దొరికింది. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండే వరుసను మా తెలంగాణలో గొలుసుకట్టు చెరువులంటాం. అందుకే "గొలుసుకట్టు కష్టాలు" అని మార్చాను. ఈసారి అమ్మ ఏమీ అడగలేదు, "తర్వాత?" అంది.