లైబ్రరీ పీరియడ్‌లో బొమ్మల నవలలు: చదువేనా, కాలక్షేపమా?

కడప నుంచి ఒక అమ్మ:
మా పాప ఏడో తరగతి. వాళ్ళ తెలుగు టీచర్ లైబ్రరీ పీరియడ్‌లో గ్రాఫిక్ నవలలు చదివిస్తున్నారు. పాప ఇష్టంగానే చదువుతోంది. కానీ అరగంటలో పుస్తకం అయిపోతుంది. ఆ తర్వాత పాఠంలో నాలుగు పేరాలు చదవమంటే మొహం చిట్లిస్తుంది. స్కూల్లో వద్దని చెప్పమంటారా?

అనంతపురం, రిటైరైన తెలుగు పండిట్:
చెప్పండమ్మా. పాఠంలో అడవి వర్ణన వస్తే నేను పిల్లల్ని కళ్ళు మూసుకోమనేవాణ్ణి. ఒకడికి నల్లమల కనపడేది, ఇంకొకడికి ఊరి పక్క కంపచెట్లు. బొమ్మ గీసి చేతికిస్తే అందరికీ అదే అడవి. పైగా పొడుగు వాక్యం అలవాటు లేని పిల్లలకు పదో తరగతిలో ప్రశ్నే అర్థం కాదు.

ఆదోని వైపు సర్కారు బడి టీచర్:
సార్, పొడుగు వాక్యం సంగతి ఒప్పుకుంటాను. ఊహ చచ్చిపోతుందంటే మాత్రం ఒప్పుకోను.

మా దగ్గర చాలా కుటుంబాలు మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చేసరికి నెలల పాఠాలు పోయుంటాయి. అట్లా వచ్చిన ఒక పిల్లవాడు పుస్తకం తీయమంటే తల వంచుకునేవాడు. ఒకరోజు అంబేడ్కర్ జీవితం మీద 2011లో వచ్చిన 'భీమాయణ' క్లాసుకు తీసుకుపోయాను. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం వేసిన బొమ్మలు. ఇంగ్లీషు పుస్తకమే, తెలుగులో చెప్తూ పేజీలు తిప్పాను. చిన్న భీమ్‌కు బడిలో నీళ్ళు దొరకని చోట వాడు లేచొచ్చి పేజీ మీద వేలు పెట్టాడు. "సార్, ఈ మాటకు తేలు కొండి ఉండాది."

నిజమే. ఆ పుస్తకంలో కుట్టే మాటల బుడగకు తేలు కొండి గీశారు. మెత్తని మాటల బుడగ పక్షి ఆకారంలో ఉంటుంది. అప్పటిదాకా నేనే సరిగా చూడలేదు. మర్నాడు వాడు నోటుబుక్కు తెచ్చాడు. మిరప తోటలో మేస్త్రి తిట్టిన తిట్టు, దాని పక్కన కొండి, కింద మూడు వాక్యాలు. నిండా తప్పులే. కానీ ఆ ఏడాది వాడు ఎవరూ చెప్పకుండా రాసిన మొదటి వాక్యాలవి.

సార్, లేపాక్షి గుడి పైకప్పు మీద కిరాతార్జునీయం చూసే ఉంటారు. కథంతా వరసగా బొమ్మల్లోనే ఉంది. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ నడుమ ఏం జరిగిందో చూసేవాళ్ళే అల్లుకోవాలి. ఊహకు అక్కడే పని.

అమ్మా, పాపను అదే అడగండి. రెండు బొమ్మల మధ్య ఏమైందో చెప్పమనండి, చెప్పింది రాయమనండి. అరగంటలో అవ్వదు.

అనంతపురం పండిట్:
తేలు కొండి మాట నన్ను పట్టుకుంది నాయనా. ఆ పిల్లవాడు చూసింది అలంకారమే. మనం లక్షణం చెప్పి బట్టీ పట్టించేదాన్ని వాడు వేలు పెట్టి చూపించాడు. కానీ ఆ మూడు వాక్యాలు ముప్పై అయ్యేదెప్పుడు? దానికి గద్యమే చదివించాలి. బొమ్మల దగ్గరే ఆపేస్తే మనమే అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

ఆదోని టీచర్:
ఆపలేదు సార్. మర్నాటి నుంచి రోజూ ఒక పేరా చదివించాను. ముప్పై మాత్రం కాలేదు. సంక్రాంతి అయినాక మళ్ళీ సుగ్గికి పోయినారు. పోయే ముందు ఆ పుస్తకం అడిగాడు. ఒక తెల్లకాగితాల నోటుబుక్కు కూడా కలిపి ఇచ్చి పంపాను.