సమస్య: తాళమున్నవాడె తస్కరుండు

పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య ఇది. ఆటవెలది చివరి పాదం.

తాళమున్నవాడె తస్కరుండు

బెంగళూరు గుంపులో సర్వర్లు కాసేవాళ్ళే ఎక్కువ కాబట్టి విషయం కూడా నేనే ఇస్తున్నాను. వేర్వేరు మెషీన్ల మీద నడిచే ప్రోగ్రాములు ఒకే ఫైలు మీద పడి కొట్టుకోకుండా నెట్‌వర్క్‌లో పెట్టుకునే లాకు. తాళమంటే బీగమా, చెవా అని గొడవ పెట్టకండి. బండి తాళాలేవని అడిగితే ఎవరూ బీగం తెచ్చివ్వరు. ఒకటో గణం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. ఇక్కడ తా, త.

వాక్స్ బాబాయి:
మొదటి బోణీ నాదే.

పట్టి వదలకుండ పడకేసె నొక్కడు
వరుస గట్టి జనులు వగచుచుండ
పదుగురి సమయమ్ము పాడుచేసినయట్టి
తాళమున్నవాడె తస్కరుండు

1980ల్లోనే వాక్స్ క్లస్టర్లలో, అంటే జతకట్టి నడిపే వాక్స్ కంప్యూటర్లలో, ఈ పని చేశాం. వాటి ఆపరేటింగ్ సిస్టమ్ వీఎమ్ఎస్‌లో లాకుకి ఆరు స్థాయిలుండేవి. చదివేవాళ్ళు పదిమంది కలిసి పట్టుకోవచ్చు, రాసేవాడు ఒంటరిగా పట్టుకోవాలంటే మిగతావాళ్ళంతా తప్పుకోవాలి. ఒక మెషీన్ చచ్చిపోతే మిగిలినవి లాకుల పట్టీ మళ్ళీ కట్టుకుని, చచ్చినదాని లాకులు వదిలేసేవి.

కోరమంగళ అక్క:
ధార బాగుంది బాబాయ్. కానీ పడకేసినవాణ్ణి తస్కరుడనడం కొంచెం బరువే. పాపం కరెంటు పోయిన మెషీన్ ఏం దొంగిలించింది? పైగా వాడు చచ్చాడో, వైరు తెగి మాట వినపడట్లేదో బయటివాళ్ళకి తెలిసే దారి లేదు. అందుకే లాకు శాశ్వతంగా ఇవ్వకుండా గడువు పెట్టి కౌలుకిచ్చినట్టు ఇవ్వడం మొదలైంది. గ్రే, చెరిటన్ అనే పరిశోధకులిద్దరూ 1989లో ఈ గడువు పద్ధతి మీదే పేపరు రాశారు. పట్టుకున్నవాడు గడువు లోపల పొడిగించుకోవాలి, లేకపోతే లాకు ఇంకొకరికి పోతుంది.

నైట్‌షిఫ్ట్ నరుడు:
అక్కా, బాబాయి పద్యంలో జబ్బుకి గడువు మందే. నా పద్యం ఆ మందు వల్ల వచ్చిన జబ్బు మీద.

గడువు తీరిపోయె గాఢనిద్రను వీడి
తెలియ కతడు వచ్చి తెరచి వ్రాసె
కొత్తవాని లెక్క కొట్టుకుపోయెను
తాళమున్నవాడె తస్కరుండు

ఇది నాకు జరిగిందే. లాకు గడువు 30 సెకన్లు. మా జావా ప్రోగ్రాము మెమరీలో పేరుకున్న చెత్త ఊడ్చుకోవడానికి ఆగి, 40 సెకన్లకి లేచింది. తను నిద్రపోయిన సంగతి తనకే తెలియదు. రెండోవాడు లాకు తీసుకుని రాసేశాడు, మనవాడు లేచి దాని మీదే రాశాడు. ఆ రాత్రి కస్టమర్లకి ఒకే బిల్లు రెండుసార్లు వెళ్ళింది. తెల్లారేదాకా టెన్షనే.

పృచ్ఛకుడు:
ఇదీ సమస్య కోరిన విరుపు! బాబాయి పద్యంలో తస్కరుడు ఒట్టి తిట్టు. ఇక్కడ నిజంగానే తాళం తన దగ్గరుందని నమ్మినవాడు దొంగయ్యాడు. ‘తెలియక’ అన్న మాటే పద్యానికి ప్రాణం. ‘తెరచి’ తర్వాత ‘వ్రా’ వచ్చింది కదా, ‘చి’ గురువు కాదా అని ఎవరో అడుగుతారు. కాదు. అది వేరే మాట, పైగా తెలుగు మాట.

సిల్క్‌బోర్డు సన్యాసి:
నరుడు గారూ, నిద్రపోనక్కర్లేదండీ. రాసే ముందు గడియారం చూసుకున్నాడనుకోండి, ఇంకా 5 సెకన్లుంది. రాయమన్న సందేశం అప్పుడే బయల్దేరింది. దారిలో మన సిల్క్‌బోర్డు సిగ్నల్‌లాంటి చోట ఇరుక్కుని, గడువు దాటాక చేరింది. పంపినవాడు పూర్తిగా మెలకువగానే ఉన్నాడు, పాపం. గడియారం ఎన్నిసార్లు చూసుకున్నా ఈ సందు మూసుకోదు. ‘గాఢనిద్ర’ వల్ల పద్యం అందంగా వచ్చింది గానీ నేరం సగమే పట్టుబడింది.

నైట్‌షిఫ్ట్ నరుడు:
ఒప్పుకుంటున్నా. పద్యం మాత్రం మార్చను 🙂

కోరమంగళ అక్క:
మరి దొంగని పట్టేదెవరు? నా పూరణ:

అంకె పెరుగుచుండు నడుగడుగున నందు
పాతయంకె తెచ్చి రాయబోవ
గుమ్మమందె నిల్పి గుర్తించి చెప్పుమీ
తాళమున్నవాడె తస్కరుండు

లాకు ఇచ్చిన ప్రతిసారీ దానితో ఒక నంబరు ఇవ్వాలి, అది పెరుగుతూనే పోవాలి. 33 తీసుకున్నవాడు నిద్రపోయాడు, 34 తీసుకున్నవాడు వచ్చి రాశాడు. తర్వాత 33 వాడొస్తే డిస్కు దగ్గరే ‘నేను 34 చూసేశా, నువ్వెళ్ళు’ అనాలి. గూగుల్ వాళ్ళ లాకు సర్వీసు చబ్బీ గురించి మైక్ బరోస్ రాసిన 2006 పేపర్లో ఇలాంటి ఏర్పాటే ఉంది. అలా అడిగే తెలివి లేని పాత డిస్కులకి వాళ్ళ ఉపాయం వేరు: పట్టుకున్నవాడు మాయమైతే లాకుని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా కొంతసేపు ఆపుతారు, ఒక నిమిషం దాకా.

పృచ్ఛకుడు:
అక్కా, భావానికి దణ్ణం. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. పా, రా కుదరవు. గణాలు సరిపోయాయని చూసి వదిలేసినట్టున్నారు.

కోరమంగళ అక్క:
అయ్యో! సవరణ: ‘పాతయంకె చూపి పద్దు వ్రాయ’.

పృచ్ఛకుడు:
ఇప్పుడు పా, ప కుదిరింది. ‘పద్దు’ రావడంతో ‘లెక్క’ రాసిన నరుడి పద్యానికి జవాబులాగా కూడా అయింది. మీ ‘చెప్పుమీ’ డిస్కునుద్దేశించి అన్నది. అది నాకు బాగా నచ్చింది. అందరూ తాళం ఇచ్చేవాడికే బుద్ధులు చెప్తున్నారు, మీరు గుమ్మానికి చెప్పారు.

సిల్క్‌బోర్డు సన్యాసి:
ఇంకో చిన్న దొంగతనం ఉంది. నిద్రలేచినవాడు రాయడంతో ఆగకుండా, పనైపోయిందని లాకు తీసేస్తాడు. తీసేది తనది కాదు, రెండోవాడిది! రెడిస్ అనే డేటాబేసులో అందుకే లాకు మీద తనకే తెలిసిన ఒక గుర్తు రాసిపెట్టుకుని, అదే ఉంటేనే తీయమంటారు. పద్యం కుదరలేదు, వచనంలోనే క్షమించండి.

పీజీ పిల్లాడు:
నేను కొత్త. ఛందస్సు మొన్ననే నేర్చుకున్నా. పీజీ అంటే పేయింగ్ గెస్ట్ హాస్టలే. విషయానికి సంబంధం లేకపోతే తీసేయండి.

పీజిలోన నొక్క బీరువా యున్నది
చెవులు రెండు, చెరొక చేతిలోన
ఆవకాయ జాడి యడుగంటి పోయెను
తాళమున్నవాడె తస్కరుండు

వాక్స్ బాబాయి:
ఒరేయ్, ఇది అసలు పద్యం!

పృచ్ఛకుడు:
తమ్ముడూ, సంబంధం లేకపోవడమేమిటి? నెట్‌వర్క్ మధ్యలో తెగి, రెండు ముక్కలూ ‘లాకు నాదే’ అనుకుంటే వచ్చే గొడవ ఇదే. చెరొక చేతిలో ఒక చెవి. అందుకే లాకు లెక్క ఒక్క మెషీన్ దగ్గర పెట్టకుండా ఐదింటి దగ్గర పెడతారు, మూడు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఐదులో మూడు ఒకవైపుంటే రెండోవైపు మూడుండవు. నీ బీరువాకి రెండే చెవులు కాబట్టి ఎవరు తిన్నారో తేలదు. యతులన్నీ కుదిరాయి, ‘పీ, బీ’తో సహా. రెండో పాదం చివర ‘చేతిలోన’ తర్వాత అచ్చుతో మొదలుపెట్టావు, పాదాంతం కాబట్టి చెల్లిపోతుంది.

పీజీ పిల్లాడు:
థాంక్స్ మాస్టారూ! మూడో చెవి కూడా ఉందట, ఓనరాంటీ దగ్గర. ఇప్పుడే తెలిసింది. ఆవకాయ గురించి ఆవిణ్ణి అడగాలంటే భయంగా ఉంది.